పక్కింటి చెట్టు మీ ఇంటి మీద పడితే నష్టం ఎలా రాబట్టుకోవాలి

వైశాఖంలో ఓ సాయంత్రం. పొద్దంతా నిప్పులు చెరిగిన ఎండ, నాలుగింటికి పడమట నల్లమబ్బు, ఆ వెంటే దుమ్ము లేపుకుంటూ గాలిదుమారం. నల్గొండ, పాలమూరు వైపు ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు, ఏటా చూసేదే. ఆ రోజు పక్కింటి వాళ్ల చింతచెట్టు కొమ్మ విరిగి మా వంటింటి మీద పడింది. ఆరు సిమెంటు రేకులు ముక్కలయ్యాయి, నీళ్ల ట్యాంకు పగిలింది, ప్రహరీ గోడ రెండు మూరల మేర కూలింది. బర్రెను లోపల కట్టేయడానికని మా అమ్మ అప్పుడే పొయ్యి దగ్గర్నుంచి లేచింది కాబట్టి బతికింది.

ఆ కొమ్మ మొదట్లో తొర్ర ఉందని మాకు తెలుసు. చెయ్యి పెడితే మోచేతి దాకా పోయేది. మా నాన్న మూడుసార్లు చెప్పాడు కూడా. పక్కింటి పెద్దాయనది ప్రతిసారీ ఒకటే మాట: "మా తాత నాటిన చెట్టు, ఏం గాదు తియ్యి తమ్మీ." కొమ్మ పడ్డాక మాట మారింది: "దేవుని గాలి అది, నేనేం జేస్త?" పంచాయితీ పెట్టాం. చెట్టు బాగాలేదని ముందే చెప్పినట్టు కాగితమేమన్నా ఉందా అని పెద్దమనుషులు అడిగారు. లేదు. ఖర్చంతా మేమే పెట్టుకున్నాం.

అప్పటి నుంచి ఈ విషయం మీద వకీళ్లను, ఆఫీసుల వాళ్లను అడిగి తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీ చెట్టు వేరేవాళ్ల మీద పడినా ఇవే లెక్కలు, అటువైపు నుంచి చదువుకోండి.

అసలు ప్రశ్న: తెలిసీ ఊరుకున్నాడా?

చెట్టు పడి ఆస్తి దెబ్బతింటే ఎవరు కట్టాలో చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. నిర్లక్ష్యం, న్యూసెన్సు (అంటే పక్కవాళ్లకు ఇబ్బంది కలిగించడం) మీద కోర్టులు ఏళ్ల తరబడి ఇచ్చిన తీర్పులే ఆధారం. చెట్టు ఫలానావాళ్లది కాబట్టి అది ఏం చేసినా వాళ్లే కట్టాలని ఆ తీర్పులు అనవు. చెట్టు ప్రమాదంగా ఉందని యజమానికి తెలుసా, పోనీ మామూలు జాగ్రత్త ఉన్న మనిషి చూస్తే తెలిసేదా, తెలిసీ ఏమీ చేయలేదా అన్నదే చూస్తాయి.

1926 నాటి ఒక ఇంగ్లీషు కేసు మన కోర్టుల్లోనూ వినిపిస్తుంటుంది. గాలి లేని రోజున రోడ్డు మీదికి వాలిన కొమ్మ విరిగి బస్సు మీద పడింది. కొమ్మ లోపలి లోపం బయటికి కనిపించేది కాదు, అందుకని యజమాని బాధ్యుడు కాదన్నారు. మన దగ్గర 1999లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దానికి రెండో వైపు. 1964లో స్కూటర్ మీద పోతున్న ఒకాయన తల మీద రోడ్డు పక్క చెట్టు కొమ్మ పడి చనిపోయాడు. రోడ్ల పక్క చెట్లను చూసుకోవాల్సిన బాధ్యత కార్పొరేషన్‌దే, చూసుకోలేదు కాబట్టి పరిహారం కట్టాల్సిందే అని తేల్చింది. తీర్పు రావడానికి 35 ఏళ్లు పట్టిందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇక "దేవుని గాలి" అనే వాదన. చట్టంలో దైవాధీనం అంటే ఎవరూ ఊహించలేనిది, ఎంత జాగ్రత్తపడ్డా ఆపలేనిది. పచ్చగా, గట్టిగా ఉన్న వేపచెట్టు ఎన్నడూ లేనంత గాలికి వేళ్లతో సహా లేస్తే పక్కింటాయన్ని ఏమీ అనలేం. కానీ ఏటా ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఈదురుగాలి ఊహించలేనిదేం కాదు. తొర్రపడ్డ చింతకొమ్మ ఆ గాలికి విరిగితే తప్పు గాలి మీదికి తోయడం అంత తేలిక కాదు.

చెట్టు నిలబడి ఉండగానే చేయాల్సినవి

ముందు చెట్టు ఎవరిదో తేల్చండి. మొదలు ఎవరి స్థలంలో ఉంటే చెట్టు వాళ్లది, కొమ్మలు ఎటు వాలినా సరే. మొదలు సరిగ్గా హద్దు మీదుంటే ఇద్దరిదీ, బాధ్యతా ఇద్దరిదీ. హద్దు మీదే తగాదా ఉంటే సర్వేకు దరఖాస్తు పెట్టుకోవాలి. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉన్న ఇళ్లకు ఇది కొంచెం చిక్కు, విడివిడి సర్వే నంబర్లు ఉండవు. అక్కడ ఇంటిపన్ను రశీదులు, పాత కొనుగోలు కాగితాల్లో రాసిన నాలుగు దిక్కుల హద్దులే దిక్కు. ఇల్లు కిరాయికిచ్చి యజమాని హైదరాబాద్‌లో ఉంటే ఉంటున్నవాళ్లకూ, యజమానికీ ఇద్దరికీ చెప్పండి. రోడ్డు పక్క చెట్టయితే ఆ రోడ్డు ఎవరిదో చూడాలి: గల్లీ అయితే మున్సిపాలిటీ లేదా పంచాయతీ, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీ, 65వ నంబరు, 44వ నంబరు లాంటివయితే జాతీయ రహదారుల వాళ్లు.

తర్వాత చెట్టును దగ్గరికి పోయి చూడండి. మొదట్లో గానీ కొమ్మ చీలే చోట గానీ గొడుగుల్లాంటి బూజు మొలిచిందా? బెరడు ఊడి, కొడితే డొల్ల చప్పుడు వస్తోందా? ఒక పక్క ఆకు మొత్తం ఎండిందా? అన్నిటికన్నా భయపడాల్సింది ఒకటుంది: చెట్టు ఒక పక్కకు వంగి, రెండో పక్క మొదలు దగ్గర మట్టి ఉబ్బి నెర్రెలు ఇవ్వడం. వేళ్లు పట్టు వదులుతున్నాయన్న మాట. మురికి కాలువ కోసమో పైపుల కోసమో ఈమధ్య మొదలు పక్కనే తవ్వి వేళ్లు కోశారా అనేది కూడా అడిగి తెలుసుకోండి. ఊళ్లలో సీసీ రోడ్లు వేసినప్పుడు ఇలా చాలా చెట్లు బలహీనపడ్డాయి, పైకి మాత్రం పచ్చగానే కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు పని, ఉత్తరం. లాయరు నోటీసుతో మొదలుపెట్టకండి. ఊళ్లో లాయరు నోటీసు పోయిందంటే ఆ రెండిళ్ల మధ్య బోనం గిన్నె కూడా అటూఇటూ కదలదు. మీ చేత్తో, మీ వరసతో రాయండి. కాకా అని పిలిచే మనిషిని కాకా అనే రాయండి, దాంతో కాగితం విలువేం తగ్గదు. ఇదుగో ఇలా:

"సత్తెన్న కాకకు నమస్కారం. మీ ఇంటి వెనక చింతచెట్టుకు మా వంటింటి మీదికి వచ్చిన పెద్ద కొమ్మ మొదట్లో తొర్ర పడింది. నిన్న నేను చూస్తే లోపల చెదలు ఉన్నాయి. ఫోటోలు దీనితో పెడుతున్నాను. గాలులు మొదలు కాకముందే ఆ కొమ్మ తీయించమని కోరుతున్నాను. మనుషులను పిలిపించే పనిలో, ఖర్చులో మా వంతు సాయం చేస్తాం. తీయించకపోతే జరిగే నష్టానికి మీదే బాధ్యత అవుతుందని మర్యాదగా తెలియజేస్తున్నాను."

తేదీ, సంతకం, పైన మీ ఇంటి నంబరు. ఒక కాపీ మీద ఆయన చేత "ముట్టింది" అని రాయించుకోండి. రాయనంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి రశీదు, డెలివరీ అయినట్టు వచ్చే ట్రాకింగ్ కాగితం దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పంపండి, బ్లూ టిక్ పడ్డాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ ఒక్క కాగితంతో "నాకు తెల్వదు" అనే వాదన పోతుంది. మా దగ్గర లేనిది ఇదే.

చెట్టు కొట్టేయమని అడగాల్సిన పని కూడా లేదు, జాగ్రత్త తీసుకోమంటే చాలు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడండి. 2017 డిసెంబరులో కొమ్మ విరిగి పడ్డాక జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. 2018లో చెదల మందును సెలైన్ సీసాలతో బొట్టు బొట్టుగా ఎక్కించారు, బరువైన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. ఏడెనిమిది వందల ఏళ్ల మర్రికే అంత చేయగలిగినప్పుడు ఇంటి వెనక చింతకు ఒక కొమ్మ తగ్గించడం పెద్ద పనేం కాదు. రావిచెట్టు దగ్గర మాత్రం ఈ మాట కూడా కష్టమే. కూలికి వచ్చినవాళ్లే కత్తి పెట్టడానికి వెనకాడతారు. పూజారితో ఒక మాట చెప్పించి కొమ్మలు తగ్గించుకున్న ఇళ్లు మా ఊళ్లోనే రెండున్నాయి.

ఉత్తరానికి కదలకపోతే ఆర్డీవో దగ్గరికి

ఇది చాలామందికి తెలియని దారి. చెట్టు పడిపోయే స్థితిలో ఉండి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు గానీ దారిన పోయేవాళ్లకు గానీ దెబ్బ తగిలేలా ఉంటే, దాన్ని తీసేయమనో ఆధారం పెట్టమనో యజమానిని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో ఇది 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. చట్టంలో "చెట్టు" అన్న మాట పేరు పెట్టి రాసి ఉంది. మీ డివిజన్‌లో ఆ అధికారం ఆర్డీవోకు ఉంటుంది: దేవరకొండ, మిర్యాలగూడ, నల్గొండ, మహబూబ్‌నగర్, ఎక్కడివాళ్లు అక్కడ.

అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాయండి, ఫోటోలు, మీరు రాసిన ఉత్తరం కాపీ జత చేయండి. ఇన్‌వార్డ్ నంబరు తీసుకోకుండా ఆఫీసు గుమ్మం దాటకండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. అవతలాయన ఆదేశం పాటించాలి, లేదంటే వచ్చి తన అభ్యంతరం చెప్పుకోవాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ చెట్టయితే కార్యదర్శికి, కమిషనర్‌కు ఇదే తీరుగా రాసి ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి. ఆ తర్వాత చెట్టు పడితే ఆ నంబరే మీ సాక్ష్యం.

కరెంటు తీగలకు కొమ్మలు తగులుతుంటే 1912కు ఫోన్ చేయండి, కంప్లైంట్ నంబరు రాసుకోండి. లైన్‌మన్‌ను తెలిసినవాడు కదా అని చాయ్ తాగించి కొమ్మ కొట్టించుకోవడం మామూలే, కానీ ఎల్‌సీ తీసుకోకుండా, అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైను ఆపించకుండా, ఎవరినీ చెట్టెక్కించకండి. కరెంటు వల్ల మనిషి చనిపోతే సరఫరా సంస్థ తన తప్పు లేదని చెప్పి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అయినా పోయిన ప్రాణం ఏ తీర్పుతోనూ తిరిగి రాదు.

మీరే కొట్టుకోవచ్చా?

మీ వైపు వచ్చిన కొమ్మను మీ స్థలంలో నిలబడి, హద్దు దాకా మాత్రమే కొట్టుకోవచ్చు. 1894 నాటి ఇంగ్లండ్ తీర్పు నుంచి వస్తున్న సూత్రం ఇది. ఎన్నేళ్లు వాలి ఉన్నా అలా వాలే హక్కు ఆ చెట్టుకు రాదు. అవతలి స్థలంలో కాలు పెడితే మాత్రం అక్రమ ప్రవేశం మీ మీదికి వస్తుంది. కొట్టిన కట్టె, దాని మీది కాయలు యజమానివే, గోడ మీదుగా ఇచ్చేయండి. ఒక పక్కే ఎక్కువ కొట్టి చెట్టు రెండో పక్కకు ఒరిగి పడితే బాధ్యత మీదవుతుంది. మొదట్లో యాసిడ్ పోసి చంపే తెలివితేటలకు పోకండి, అది క్రిమినల్ కేసు.

మొత్తం చెట్టు కొట్టాలంటే అది మీదే అయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగితే చెబుతారు. హరితహారం కింద నాటిన చెట్టును అడగకుండా ముట్టుకోవద్దు.

పడిన రోజు

ముందు మనుషులు. తీగ తెగి ఉంటే దగ్గరికి పోకండి. ఆ తర్వాత అందరూ చేసే తప్పు ఒకటుంది: గొడ్డలి పట్టుకుని కట్టె నరకడం మొదలుపెడతారు. సాక్ష్యం మొత్తం ఆ కట్టెలోనే ఉంది. ముట్టుకోకముందే ఫోటోలు, వీడియో తీయండి: దూరం నుంచి ఇల్లూ చెట్టూ కలిసి కనపడేలా ఒకటి, విరిగిన చోట దగ్గర్నుంచి నాలుగైదు. విరిగిన చోట తాజా కట్టె తెల్లగా, పచ్చివాసనతో ఉంటుంది. ముందే పుచ్చిపోయిన భాగం నల్లగా, పొడిపొడిగా రాలుతుంది. ఆ రెంటి మధ్య గీత ఫోటోలో స్పష్టంగా పడాలి, పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టండి. వీలైతే ఆ పుచ్చు భాగం జానెడు ముక్క కోసి సంచిలో దాచండి. ఫోటోలు వాట్సాప్‌లో పంపితే ఒరిజినల్ వివరాలు పోతాయి, ఫోన్‌లో అసలు ఫైళ్లు అలాగే ఉంచండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా కావాలి, అది వకీలు చూసుకుంటాడు.

తర్వాత పంచనామా, అంటే జరిగిన నష్టాన్ని సాక్షుల ముందు రాసుకోవడం. పంచాయతీ కార్యదర్శిని గానీ తహసీల్దార్ ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్ఐ)ని గానీ రమ్మనండి, ఇద్దరు ఇరుగుపొరుగు సంతకాలు చేయాలి. పోలీస్ స్టేషన్‌లో ఒక పిటిషన్ ఇచ్చి రశీదు తీసుకోండి. ఆస్తి నష్టం ఒక్కటే అయితే పోలీసులు కేసు కట్టరు, ఇది సివిల్ మేటర్ అంటారు, నిజమే. కానీ ఎవరికైనా దెబ్బ తగిలినా ప్రాణం పోయినా నిర్లక్ష్యం కింద కేసు అవుతుంది. ఆ రోజు మీ మండలంలో గాలి వేగమెంతో ప్రభుత్వ వాతావరణ కేంద్రం లెక్కల్లో ఉంటుంది. అవతలివాళ్లు దైవాధీనం అనేట్టుంటే సమాచార హక్కు దరఖాస్తుతో తీసుకోండి, 30 రోజుల్లో ఇవ్వాలి. మున్సిపాలిటీకి ఆ చెట్టు మీద అంతకుముందు వచ్చిన ఫిర్యాదులనూ ఇదే దారిలో అడగొచ్చు.

ఇల్లు తడవకుండా టార్పాలిన్ కప్పుకోండి, రేకులు వేయించుకోండి. కేసు తేలేదాకా ఆగాల్సిన పని లేదు, ఆగి ఇంకా పాడైతే ఆ పెరిగిన నష్టం మీకు రాదు. ప్రతి బిల్లూ మీ పేరు మీద తీసుకోండి. మేస్త్రీ కూలికి బిల్లుండదు కాబట్టి ఆయన చేత ఓ కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.

ఇన్సూరెన్సు ఉంటే ముందు దాన్నే అడగండి

కారు మీద చెట్టు పడితే ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగిన నష్టం) ఉన్న పాలసీ కడుతుంది, వట్టి థర్డ్ పార్టీ పాలసీ కట్టదు. ఇంటికి 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో చెట్టు పడి జరిగే నష్టం స్పష్టంగా కవరవుతుంది. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు అంటగట్టిన పాలసీ ఏదైనా ఇంట్లో మూలన పడి ఉండొచ్చు, తీసి చూడండి. పాలసీ ఉంటే మాత్రం బీమా కంపెనీ సర్వేయరు వచ్చి చూసేదాకా టార్పాలిన్ కప్పుకోవడంతో ఆగండి, శిథిలాలు కదపొద్దు. క్లెయిమ్ తిరస్కరిస్తే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, జిల్లా వినియోగదారుల కమిషన్ రెండు దారులూ ఉన్నాయి.

డబ్బు అడగడం

బిల్లులన్నీ చేతికొచ్చాక లెక్క కట్టి ఇంకో ఉత్తరం రాయండి, ఈసారి మొత్తం, గడువు స్పష్టంగా. పాత రేకుల స్థానంలో కొత్తవి వేసుకుని పూర్తి కొత్త ధర అడిగితే కోర్టు పాతబడ్డ విలువ తగ్గిస్తుంది, ముందే తగ్గించి అడిగితే మీ మాటకు బరువుంటుంది.

రాజీకి వస్తే తెల్లకాగితం మీద ఒప్పందంతో ఆగకండి. జిల్లా లేదా మండల న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో అవార్డు రాయించుకోండి. కోర్టు ఫీజు లేదు, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. 35 ఏళ్ల సంగతి గుర్తుంది కదా, ఆరు రేకుల కోసం కోర్టుకెక్కేముందు ఈ దారి పూర్తిగా చూసుకోండి.

రాజీకి రాకపోతే సివిల్ దావా. ప్రైవేటు మనిషి మీదయితే మామూలుగా 3 ఏళ్ల గడువు. ప్రభుత్వం మీద వేయాలంటే ముందు 2 నెలల నోటీసు ఇవ్వాలి. చట్ట ప్రకారం చేయాల్సిన పని చేయలేదన్న కేసుల్లో గడువు ఒక్క ఏడాదే అనే వాదన వస్తుంది, కాబట్టి ఏడాది లోపే వేసేయండి. వేళ్లు పాకి గోడ పగులుతుంటే అది రోజూ జరుగుతున్న నష్టం. అక్కడ డబ్బుతోపాటు వేళ్లు తీయించమని ఇంజంక్షన్ (కోర్టు ఆదేశం) కూడా అడగాలి. పగులుకు అడ్డంగా పెన్సిల్ గీత గీసి పక్కన తేదీ రాయండి, నెలకోసారి ఫోటో తీయండి. పగులు పెరిగిందా లేదా అన్నది మీరు వాదించక్కర్లేదు, గీతే చూపిస్తుంది.

పడిన కట్టె ఎవరిది?

యజమానిది. మీ వంటింట్లో పడినా సరే. అమ్ముకుంటే, పొయ్యిలో పెట్టుకుంటే ఆ విలువ మీకొచ్చే పరిహారంలో తీసేస్తారు. "మీ కట్టె తీసుకుపోండి" అని ఫలానా తేదీన చెప్పినట్టు రెండో ఉత్తరంలోనే ఒక వాక్యం రాయండి. మా చింతకొమ్మను ఆ పెద్దాయన మర్నాడే ట్రాక్టరు తెచ్చి ఎక్కించుకుపోయాడు. తొర్ర ఉన్న మొదలు కూడా అందులోనే పోయింది.